రెండో ఉద్యోగం సరే... నిద్ర మాటేమిటి?

ఉన్న ఉద్యోగంలో వచ్చే జీతం చాలదు. దానికి తోడు సాయంత్రం ఇంకో పని. ఈ రెండూ ఎన్నాళ్లని, స్థిరమైన ఉద్యోగం ఒకటి సంపాదించుకుందామని రాత్రిళ్లు చదువు. వీటన్నిటి మధ్యా ఇల్లు ఎలాగూ ఉండనే ఉంది. మరి ఇన్ని పనులకు సమయం ఎక్కడి నుంచి వస్తోంది? ఇంకెక్కడి నుంచి... నిద్రలో నుంచే!

మన తిరుపతిలోనూ, చిత్తూరులోనూ ఇలా నెట్టుకొస్తున్న ఆడవాళ్లు వీధికి ఇద్దరైనా కనిపిస్తారు. పగలంతా ప్రైవేటు స్కూల్లో పాఠాలు. సాయంత్రం ఇంట్లో ట్యూషన్లు, కాకుంటే కుట్టు మిషను. రాత్రి పది దాటాక డీఎస్సీ పుస్తకాలు. "కొంచెం నిద్రపోవే తల్లీ" అంటే, "నిద్దరదేముండాదక్కా! ఉద్యోగమొచ్చినాక కావాల్సినంత పోవచ్చు" అని నవ్వేస్తారు. ఆ పట్టుదల చూస్తే ముచ్చటేస్తుంది. కళ్ల కింద నలుపు చూస్తే గుబులేస్తుంది.

ఉద్యోగం మారాలనుకోవడం తప్పా అని అడిగితే, ముమ్మాటికీ కాదు. ఇంకా చెప్పాలంటే, ముప్పై దాటాక, పిల్లలు పుట్టాక, "ఇక నా బతుకింతే" అనుకోకుండా పుస్తకం పట్టుకునే ఆడపిల్లను చూస్తే నాకు గర్వంగా ఉంటుంది. అయితే ఆ దారిలో మనం ఖర్చు పెడుతున్నదేమిటో ఒకసారి లెక్క చూసుకోవద్దా?

నిద్రపోని ఊరు

మన ప్రాంతంలో రెండో పని దొరకడం పెద్ద కష్టమేం కాదు. తిరుపతి రాత్రయితే తలుపులు మూసుకునే ఊరు కాదు. అర్ధరాత్రి రైలు దిగేవాళ్లుంటారు, తెల్లవారుజామున అలిపిరి వైపు కదిలేవాళ్లుంటారు. యాత్రికులున్నంత సేపూ లాడ్జీ కౌంటర్లో మనిషి ఉండాలి. టిఫిను అంగట్లో పిండి సిద్ధంగా ఉండాలి. పూల అంగట్లో మాలలు కట్టి ఉండాలి. ఆ పిండి రుబ్బే చేతులూ, ఆ మాలలు కట్టే చేతులూ చాలా వరకు ఆడవాళ్లవే.

చిత్తూరు వైపు పల్లెల్లోకి వెళితే అక్కడ రెండో ఉద్యోగం పేరు పాడి. నాలుగింటికే లేచి పేడ తీసి, పాలు పితికి, కేంద్రంలో పోసి వచ్చాకే వంట. ఆ తర్వాత కూలికో, బడికో, ఆఫీసుకో పోవాలి. సాయంత్రం మళ్లీ అదే వరస. ఆవుకు ఆదివారం సెలవని చెబితే వింటుందా? ఇక మామిడి కాలం వస్తే తోతాపురి గుజ్జు తీసే ఫ్యాక్టరీల్లో పని ముమ్మరం. నాలుగు రోజులు కష్టపడితే నాలుగు రాళ్లు వస్తాయని అటు పరుగు.

ఇలా రెండో పని గుమ్మం ముందుకే వస్తుంది. ఒప్పుకోవడం తేలిక. దేన్ని వదులుకుని ఒప్పుకుంటున్నామో మాత్రం ఎవరూ అడగరు. మనమూ అడుక్కోం.

కాగితం, పెన్నూ తీసుకోండి

మీ రోజును ఒకసారి కాగితం మీద పెట్టండి. స్కూలు, రానూ పోనూ ప్రయాణంతో కలిపి ఎనిమిదిన్నర గంటలు. ట్యూషన్లు రెండు గంటలు. చదువు మూడు గంటలు. స్నానం, తిండి, తయారవడం గంటన్నర. ఇంటిపని ఎంత వేద్దాం?

దీనికి ప్రభుత్వ లెక్కే ఉంది. జాతీయ గణాంక కార్యాలయం 2024లో దేశమంతటా జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే ఇస్తున్నారు. అంటే దాదాపు 4 గంటల 50 నిమిషాలు, పైసా జీతం లేకుండా. ఇంటిపని చేసే మగవాళ్లు ఇస్తున్నది 88 నిమిషాలు. 2019 సర్వేలో ఈ అంకెలు 299, 97. అయిదేళ్లలో మనకు పది నిమిషాలు తగ్గింది. వాళ్లకూ తొమ్మిది నిమిషాలు తగ్గింది!

ఉద్యోగం చేసే ఆవిడకు ఇంటిపని కాస్త తక్కువే ఉంటుందనుకుని నాలుగు గంటలే వేద్దాం. మొత్తం కూడితే పందొమ్మిది గంటలు. ఇరవై నాలుగులో పందొమ్మిది పోతే మిగిలేది అయిదు. అందులోనే పిల్లాడికి జ్వరం, చుట్టాల రాక, కరెంటు కోత, పక్కింటావిడ కష్టసుఖాలూ. పడుకున్న వెంటనే నిద్ర పడుతుందన్న నమ్మకమూ లేదు.

ఇంకో తీసివేత కూడా చేయండి. 289లో 88 పోతే 201. అంటే 3 గంటల 21 నిమిషాలు. మన రాత్రి చదువుకు కావాల్సిన మూడు గంటలు ఎక్కడ దాక్కున్నాయో ఇప్పుడర్థమైందా?

ఊర్మిళకు అయినా...

మన అమ్మమ్మలు పాడుకున్న పాటల్లో ఊర్మిళాదేవి నిద్ర అని ఒకటుంది. లక్ష్మణుడు పద్నాలుగేళ్లు కంటి మీద కునుకు లేకుండా అన్నావదినలకు కాపలా కాశాడు. మరి ఆ నిద్రంతా ఏమైంది? అయోధ్యలో ఉన్న ఊర్మిళను చేరింది. ఆయన మేలుకున్నన్నాళ్లూ ఆవిడ నిద్రపోయింది. ఆ కథను అల్లుకున్న ఆడవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. ఒకరు మానేసిన నిద్ర గాల్లో కలిసిపోదు. ఎవరో ఒకరు దాన్ని తీర్చాల్సిందే.

ఇవాళ్టి మన ఇళ్లలో మేలుకునేదీ ఆవిడే, ఆ నిద్ర బాకీ తీర్చాల్సిందీ ఆవిడే. ఆవిడ బదులు పడుకునేవాళ్లెవరూ లేరు. పైగా "కోడలు పొద్దెక్కిందాకా పడుకుంది" అన్న మాట ఒకటి ఇంకా చావలేదు. రాత్రి ఒంటిగంట దాకా చదివిందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. పొద్దున ఆరున్నరకు లేచిందన్నది మాత్రం నలుగురికీ గుర్తుంటుంది.

ఏడు గంటలు ఎందుకు?

పెద్దవాళ్లకు రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర ఉండాలని అమెరికాలోని నిద్ర వైద్య నిపుణుల సంఘాలు 2015లో సిఫార్సు చేశాయి. "నాకు అయిదు చాలు, అలవాటైపోయింది" అనేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లు వినాల్సిన పరిశోధన ఒకటుంది. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు కొందరిని పద్నాలుగు రోజుల పాటు రాత్రికి ఆరు గంటలే పడుకోనిచ్చారు. రోజూ వాళ్ల చురుకుదనాన్ని పరీక్షించారు. అది రోజురోజుకూ తగ్గుతూ వచ్చింది. రెండు వారాలు తిరిగేసరికి, ఒకటి రెండు రాత్రులు అసలు పడుకోని మనిషి స్థితికి దిగిపోయింది. అంతకంటే విచిత్రం ఏమిటంటే, తాము అంతగా మందగించామన్న సంగతి వాళ్లకే తెలియలేదు. "బాగానే ఉన్నాం" అనే అనుకున్నారు. మనం "అలవాటైపోయింది" అంటున్నది దీన్నే కాబోలు!

చదువుకునేవాళ్లకు ఇంకా పాత సంగతి ఒకటి. 1924లోనే జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు అర్థం లేని అక్షరాల జతలను కంఠస్థం చేయించి చూశారు. నేర్చుకున్నాక నిద్రపోతే ఎక్కువ గుర్తున్నాయి. మేలుకుని ఉంటే ఎక్కువ మరచిపోయారు. ఆ తర్వాత వందేళ్లుగా వచ్చిన పరిశోధనలూ ఈ మాటకే బలం చేకూర్చాయి. పగలు చదివిందాన్ని మెదడు సర్దిపెట్టుకునేది నిద్రలోనే. నిద్ర మానుకుని చదవడమంటే బిందె అడుగున చిల్లి ఉంచుకుని నీళ్లు తోడటమే.

ఇంకొకటి చెబితే గుండె ఝల్లుమంటుంది. వరసగా పదిహేడు గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి చురుకుదనంతో సమానమని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పుకునే హద్దు 0.03 శాతం. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచిన ఆవిడకు పదిహేడు గంటలు నిండేది రాత్రి తొమ్మిదిన్నరకు. ఆవిడ పుస్తకం తెరిచేది పదింటికి! రాత్రి ట్యూషన్లు ముగించుకుని స్కూటీ మీద ఇల్లు చేరేవాళ్లూ, తిరుపతి-చిత్తూరు రోడ్డు మీద తెల్లారుజామున బండి తోలే భర్తలున్నవాళ్లూ ఈ అంకెను గుర్తు పెట్టుకుంటే మంచిది.

గుండె మాటా ఉంది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. ఆరు రోజుల స్కూలు, రోజుకు ఎనిమిది గంటలు, 48. ట్యూషన్లు 12. అప్పుడే 60 అయింది. వంటిల్లు ఇంకా లెక్కలోకి రానేలేదు.

నలభై ఏడు రోజులు

మన జిల్లాల్లో ఉద్యోగం మారాలనుకునే చదువుకున్న ఆడపిల్లల్లో చాలామంది కల టీచరు ఉద్యోగమే. ఆ కల ఎంత ఊరించిందో అందరికీ తెలుసు. 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ప్రకటన వచ్చింది. అది రద్దయింది. చివరికి 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వెలువడింది. వయోపరిమితి 44 ఏళ్లకు పెంచారు. ఏళ్ల తరబడి ప్రైవేటు బడుల్లో చాలీచాలని జీతాలకు పనిచేస్తున్న వాళ్లకు ప్రాణం లేచొచ్చింది. పరీక్షలు జూన్ 6న మొదలు. మధ్యలో ఉన్నవి నలభై ఏడు రోజులు.

చంద్రగిరి దగ్గర ఒక చిన్న ప్రైవేటు బడిలో పనిచేసే మా దూరపు బంధువొకామె ఆ నలభై ఏడు రోజులూ ఎలా గడిపిందో నేను దగ్గరుండి చూశాను. ట్యూషన్లు ఆపితే ఇంటద్దె గడవదు. అందుకని రాత్రి రెండింటిదాకా చదివి, అయిదింటికి లేచేది. నెల తిరిగేసరికి కూరలో ఉప్పు రెండుసార్లు వేయడం, పిల్లాణ్ణి పేరు మార్చి పిలవడం. "చదివిన పేజీనే మళ్లీ చదువుతున్నా పిన్నీ, కొత్తగానే ఉంటాది" అంది ఒకరోజు. పరీక్షలో 160 ప్రశ్నలు, రెండున్నర గంటలు. అంటే ప్రశ్నకు 56 సెకన్లు. ప్రశ్న చదవాలి, నాలుగు జవాబులు చూడాలి, ఒకటి ఎంచుకోవాలి. నిద్ర చాలని మెదడుకు ఆ 56 సెకన్లు ఏం సరిపోతాయి?

ఆమెకు ఉద్యోగం రాలేదు. నిద్ర చాలకే రాలేదని నేననను. ఆ పరీక్షలకు దరఖాస్తు చేసుకున్నవాళ్లే మూడు లక్షల పైచిలుకు. కానీ "తెలిసిన ప్రశ్నలే తప్పు పెట్టినా పిన్నీ" అని ఆమె ఏడ్చినప్పుడు మాత్రం, చదువు తక్కువై వచ్చిన కన్నీళ్లు కావవి అనిపించింది. ఇప్పుడామె మళ్లీ చదువుతోంది. ట్యూషన్లు వారానికి నాలుగు రోజులకు తగ్గించింది. రాత్రి వంట, గిన్నెలు వాళ్లాయన తీసుకున్నాడు. పదిన్నరకు దీపం ఆర్పేస్తోంది. ఈసారి ఏమవుతుందో చూడాలి. మనిషి ముఖంలో మాత్రం కళ తిరిగొచ్చింది.

లలిత గారు వేసుకున్న లెక్క

ఇప్పుడు ఎనభై ఏళ్లు వెనక్కి వెళ్దాం. మద్రాసులో ఎ. లలిత అనే తెలుగమ్మాయి. 1919లో పుట్టింది. పదిహేనేళ్లకు పెళ్లి. పద్దెనిమిదేళ్లకు, 1937లో భర్త పోయారు. ఒడిలో నాలుగు నెలల పాప. ఆ రోజుల్లో అలాంటి పిల్లకు మిగిలే బతుకేమిటో చెప్పక్కర్లేదు. కానీ ఆమె చదువుకుంటానంది. అప్పట్లో చదువుకునే ఆడపిల్లలు వైద్యం వైపు వెళ్లేవారు. లలిత వద్దనుకుంది. కారణం వినండి. డాక్టరయితే అర్ధరాత్రి పిలుపొచ్చినా పసిబిడ్డను వదిలి పోవాలి. అది తన వల్ల కాదు. రాత్రి ఇంట్లో ఉండగలిగే చదువు కావాలి. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. ఆయన అండతో 1940లో అదే కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో చేరింది. మన దేశంలో ఇంజనీరింగ్ పట్టా అందుకున్న తొలి మహిళల్లో ఒకరైంది. తర్వాత సిమ్లాలో ఉద్యోగం చేసింది. అక్కడ సోదరుడి కుటుంబం ఉంది, పాపకు చూసుకునేవాళ్లున్నారు. 1948 నుంచి కలకత్తాలో ఓ పెద్ద ఎలక్ట్రికల్ కంపెనీలో పనిచేసింది. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల అంతర్జాతీయ సమావేశానికీ వెళ్లొచ్చింది.

ఆమె ఇంజనీరు కావడం గొప్పే. నాకు మాత్రం ఆమె ముందుగా వేసుకున్న లెక్క ఇంకా నచ్చింది. "ఈ ఉద్యోగం నా రాత్రుల్ని ఏం చేస్తుంది?" అని అడిగి మరీ దారి ఎంచుకుంది. మనం జీతమెంత, పోస్టింగు ఎక్కడ, పింఛను ఉందా అని అడుగుతాం. రాత్రుల సంగతి అడగం.

చట్టానికి కనిపించని షిఫ్టు

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 60వ సెక్షను ఒకటుండేది. ఒక ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషిని అదే రోజు ఇంకో ఫ్యాక్టరీలో పనికి పెట్టకూడదని దాని సారాంశం. మనిషి ఒంటికి విశ్రాంతి కావాలని అప్పుడే గుర్తించారన్నమాట. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు వచ్చాయి. సాయంత్రం ఏడు తర్వాత, పొద్దున ఆరుకు ముందు ఆడవాళ్లను పనిలో పెట్టుకోవచ్చు. కాకపోతే వాళ్ల సమ్మతి ఉండాలి, భద్రత ఏర్పాట్లు ఉండాలి. అవకాశాలు పెరగడం మంచిదే. కానీ రాత్రి డ్యూటీ చేసి పొద్దున ఇల్లు చేరిన ఆవిడను పొయ్యి దగ్గరికి పంపేటప్పుడు ఎవరైనా సమ్మతి అడుగుతున్నారా?

మనం చేసుకోగలిగినవి

అన్నీ మన చేతుల్లో ఉండవు. ఉన్నవైనా చేసుకుందాం.

* రాత్రి చదువా, తెల్లారి చదువా? ఏదో ఒకటే పెట్టుకోండి. రెండు వైపులా కోసుకుంటూ పోతే నిద్ర మధ్యలో పిడికెడే మిగులుతుంది. లేచే వేళ మాత్రం ఆదివారమైనా మార్చకండి.

* రెండో పనికి ఒక గడువు పెట్టుకోండి. ట్యూషన్ల డబ్బులో ప్రతినెలా అయిదో వంతు పక్కన పెడితే, పది నెలలకు రెండు నెలల రాబడి చేతిలో ఉంటుంది. పరీక్ష ప్రకటన రాగానే ఆ రెండు నెలలూ ట్యూషన్లు ఆపేయొచ్చు.

* సాయంత్రం అయిదు దాటాక కాఫీ వద్దు. పడుకునే ఆరు గంటల ముందు ఎక్కువ మోతాదులో తాగినా గంటకు పైగా నిద్ర పోతుందని 2013లో ఒక పరిశోధన తేల్చింది.

* మధ్యాహ్నం వీలైతే ఇరవై నిమిషాలు నడుం వాల్చండి. గంటలు గంటలు వద్దు, రాత్రి నిద్ర చెడుతుంది.

* కళ్లు మూతలు పడుతుంటే స్కూటీ తీయకండి. బస్సు ఎక్కండి, ఆలస్యమైనా ఫరవాలేదు.

* ఇంట్లో వాళ్లను "కాస్త సాయం చేయండి" అని అడక్కండి. సాయమంటే పని మనదేనని ఒప్పుకున్నట్టే. పనుల పేర్లు రాసి పంచండి. పిల్లల డబ్బాలు ఒకరివి, రాత్రి గిన్నెలు ఒకరివి, పిండి రుబ్బడం ఒకరిది. ఉప్పు ఎక్కువైనా, మూల దుమ్మున్నా చూసీ చూడనట్టు ఉండండి. ఇది మనకు కష్టమే, తెలుసు!

* ఏడు గంటలు పడుకున్నా అలసట తీరకపోతే డాక్టరుకు చూపించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. నిద్ర చాలక అనుకున్నది రక్తం చాలక కావచ్చు. ఒక చిన్న రక్తపరీక్షతో తేలిపోతుంది.

అన్నీ చదివి, "ఇవన్నీ కుదిరే పనులా అమ్మా? మా ఇంటి సంగతి నీకేం తెలుసు?" అని మీలో ఎవరైనా అనొచ్చు. నిజమే, అద్దె కట్టాల్సిన తేదీ నిద్ర కోసం ఆగదు. భర్త లేని ఇల్లుంటుంది, మంచాన పడిన అత్తగారుంటారు. అలాంటి చోట ఏడు గంటలు మాటలంత తేలిక కాదు. కనీసం అరగంటతో మొదలుపెట్టండి. ఈ వారం ఒక అరగంట ముందు పడుకోండి. వచ్చే నెలకు అది గంట కావాలి. ఆ అరగంటలో మిగిలిపోయిన పని ఏదో పొద్దున ఇంట్లో అందరూ చూస్తారు. అది ఎవరు చేయాలన్న మాట అప్పుడు తప్పకుండా వస్తుంది. రానివ్వండి.